పెంచిన కడియం

ఆ ఆదివారం పొద్దున నా భార్య వెండి కడియం తెచ్చి నా చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. దీన్ని జర పెంచుకొని రమ్మంది. అంతే. ఎంత పెంచాలి, ఎవరి దగ్గర పెంచాలి, ఇప్పుడే ఎందుకు, ఏమీ చెప్పలేదు. చాటలో బియ్యం పోసుకొని వాకిట్లో కూర్చుని రాళ్లు ఏరుకోసాగింది. నేను చాయ్ మీద మీగడ కట్టేదాకా ఆ కడియాన్నే చూస్తూ ఉండిపోయాను. ఈమెకు తెలిసిపోయిందా? తెలిసి అడుగుతోందా, తెలియక అడుగుతోందా?

ఏం తెలియడం అంటారా, ముందే చెప్పేస్తాను. ఊరించి చెప్పడం నాకు చేతకాదు. అంతకు ముందటి ఏడు ఆమె ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. చంకలోని గ్రంథులు కూడా తీశారు. తర్వాత మందులు, కరెంటు పెట్టడాలు, అన్నీ అయ్యాయి. ప్రాణం గట్టెక్కింది గాని ఆ వైపు చెయ్యి వాచింది. మోచేయి నుంచి వేళ్ల దాకా వాపే. ఉగాదికి ముందు చూపించడానికి పోయినప్పుడు, ఆమె బయట బరువు చూసుకుంటుండగా డాక్టర్ నన్ను లోపల కూర్చోబెట్టాడు. పట్టీలు కట్టుకుంటే, చెప్పినట్టు వ్యాయామం చేస్తే వాపు అదుపులో ఉంటుంది, అంతేగాని చెయ్యి మునుపటిలా కాదు, మగ్గం పని ఇక మానుకోవాలి అన్నాడు. నేను బయటికి వచ్చాను. ఏమన్నడు అని ఆమె అడిగింది. తగ్గుతుందట, కొంచెం టైం పడుతుందట అన్నాను.

ఎందుకలా అన్నానో నాకు నిజంగా తెలియదు. ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు. నోరు తెరిస్తే ఆ మాటే వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవడం ఎట్లాగో తెలియలేదు. బస్సెక్కాక చెబుదామనుకున్నాను, ఇంటికి పోయాక చెబుదామనుకున్నాను, పండుగ వెళ్లాక చెబుదామనుకున్నాను. ఆరు నెలలు గడిచిపోయాయి. బడిలో పిల్లలకు ఏళ్ల తరబడి తెలుగు చెబుతున్నవాణ్ని. ఉన్న మాట ఉన్నట్టు రాయండిరా అని ఎంతమంది చెవులు మెలిపెట్టానో లెక్కలేదు. నా బొంద, నాకే ఒక్క వాక్యం నోటికి రాలేదు.

మాది నల్గొండకు బస్సులో గంట దూరంలో ఉన్న నేతపని ఊరు. ఇద్దరమూ మగ్గాల ఇళ్లలో పుట్టినవాళ్లమే. నేను చదువు పేరు చెప్పి మగ్గం గుంట నుంచి తప్పించుకున్నాను. ఆమె తప్పించుకోలేదు, తప్పించుకోవాలనీ అనుకోలేదు. నూలుకు అక్కడక్కడ దారంతో చిటికి కట్టి, రంగులద్ది, ఆ రంగులు అంచులో సరిగ్గా కలిసేటట్టు నేయడంలో మా వాడలో ఆమెను మించినవాళ్లు లేరు. ఇది మొగుణ్ని కాబట్టి చెప్పే మాట కాదు, అసలు పెళ్లయిన మొదట్లో నాకు అది చూస్తే కుళ్లుగా ఉండేది. ఆపరేషన్‌కు ముందు మొదలుపెట్టిన చీర జానెడు నేసి ఆగిపోయింది. దాని మీద పాత చీర కప్పింది. వారానికోసారి ఆ చీర తీసి దులిపి మళ్లీ కప్పుతుంది. నూలు ఇచ్చే షావుకారు రెండుసార్లు వచ్చి అడిగి పోయాడు. ఈ చీర పని ఇంకెవరికైనా ఇస్తానన్నాడు. చెయ్యి తగ్గినంక నేనే నేస్త, ఇంకో రెండు నెలలు ఆగు అని ఆమె చెప్పింది. రెండుసార్లూ నేను పక్కనే ఉన్నాను. రెండుసార్లూ గోడ మీది క్యాలెండర్ కేసి చూశాను.

ఇక ఈ కడియం సంగతి. ఒంట్లో బాగున్న రోజుల్లో హైదరాబాద్ నుంచి ఒక డిజైనర్ మేడమ్ బట్ట కొనడానికి మా ఇంటికి వచ్చింది. నా భార్య నేసిన చీర అంచులో మెట్లుమెట్లుగా దిగే చిన్న నమూనా ఒకటి ఆ మేడమ్‌కు నచ్చింది. అడిగి ఫోటో తీసుకుంది. కొన్ని నెలల తర్వాత ఆ నమూనానే వెండి మీద ఉబ్బెత్తుగా తెచ్చి కడియాలు చేయించింది, మొట్టమొదటిది మా ఇంటికి పంపింది. నల్ల పాలిష్ పెట్టిన బరువైన కడియం. అతుకు లేదు, కొక్కెం లేదు, నిండు వలయం. మా ఆమె దాన్ని కళ్లకద్దుకోలేదు గాని వాడలో చూపించని ఇల్లు లేదు. అయితే అది పట్నం చేతుల కొలతకు చేసింది. సబ్బు రాసి ఎడమ చేతికి తోసుకునేది. కుడి చెయ్యి మగ్గం తాడు గుంజి గుంజి లావెక్కింది కాబట్టి దానికి ఎన్నడూ ఎక్కలేదు. ఎక్కినా అంచు మణికట్టు ఎముకను ఒరుస్తోందని సణిగేది, సణుగుతూనే పెట్టుకునేది. వాపు వచ్చాక బీరువాలో పడింది.

అందుకని అంత తికమక పడ్డాను. ఇప్పటి చేతికి సరిపడా పెద్దది చేయిస్తే, చెయ్యి ఇక ఇంతేనని నేనే ఒప్పుకున్నట్టు. చేయించకపోతే ఎందుకు చేయించలేదని అడుగుతుంది. బతుకమ్మకు ఇంకా రెండు వారాలే ఉన్నాయి, పండుగకు పెట్టుకోవాలని మాత్రమే అడిగిందేమో, ఇందులో ఇంకే అర్థమూ లేదేమో అని కూడా అనిపించింది. పెద్దబిడ్డ జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేస్తుంది, దవాఖాన కాగితాలన్నీ చదివింది, దానికి సంగతి తెలుసు. పెరట్లోకి పోయి దానికి ఫోన్ చేశాను. అంతా విని, నువ్వే చెప్పాలె నాయినా, ఇంకెవలు చెప్తరు అని పెట్టేసింది. చిన్నది నల్గొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. దానికి ఫోన్ చేసే ధైర్యం రాలేదు, అది ఇంకా పెద్ద నోరు.

చివరికి వాకిట్లోకి పోయి, ఎంత పెంచాలి అని అడిగాను.

"నువ్వే చెప్పు," అంది రాళ్లు ఏరుతూనే. "డాక్టర్‌తోని మాట్లాడేది నువ్వే గద."

అది ఎత్తిపొడుపా, మామూలు మాటా? ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆమె ఏ మాట ఏ ఉద్దేశంతో అంటుందో నాకు పూర్తిగా పట్టుబడలేదు. కండె నుంచి మూరెడు నూలు తెంపి ఆమె ఎడమ చెయ్యి చాపించి, లావుగా ఉన్నచోట చుట్టి, ముడి వేశాను. ఆమె నా ముఖాన్ని చూస్తోంది, చేతిని కాదు.

"ఇప్పటి చెయ్యికే కొలుస్తున్నవు," అంది.

ఇప్పటికైతే ఇంతే గదా అన్నాను. ఆ నూలు ముడి జేబులో వేసుకొని దొరికిన బస్సెక్కాను.

నల్గొండలో గడియారం సెంటర్ దగ్గర అద్దాల నగల దుకాణంలోకి పోయాను. కౌంటర్లో అమ్మాయి కడియాన్ని రెండు వేళ్లతో పట్టుకొని, ఇది డిజైనర్ పీస్ సర్, మేం ముట్టుకోం అంది. చేయించిన మేడమ్‌కే ఫోన్ చేశాను. పాపం మంచిగానే మాట్లాడింది, ఆరోగ్యం అడిగింది. కానీ కొలత కూడా డిజైన్‌లో భాగమేనట, మార్చితే పోతుందట, కొత్తది చేద్దామంటే ఆ అచ్చు ఇప్పుడు లేదట. కొలత డిజైన్‌లో భాగమైతే మా ఆమె చెయ్యి దేంట్లో భాగమో నాకర్థం కాలేదు. ఇంకో దుకాణంలో ఆయన కడియాన్ని బల్ల మీద తట్టి చప్పుడు విని, ఇది పోత పోసింది, సాగదీస్తే పగులుతుంది, ఇక్కడే పాతబస్తీలో ముసలి అవుసలాయన, కంసాలి, ఒకడున్నాడు, పాత కడియాల పని తెలిసింది ఇక ఆయన ఒక్కడికే అని దారి చెప్పాడు.

సందులో చిన్న గది. నేల మీద పీట, ముందు చిన్న బల్ల, దాని మీద పట్టకార్లు, ఆకురాళ్లు. అవుసలాయనకు డెబ్బై దాటి ఉంటాయి. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కించుకొని ఎవరివో కాలి మట్టెలు తోముతున్నాడు. నేను కడియం ఇచ్చాను. తిప్పి చూసి, మంచి పని, ఇది మనూళ్ల అంచు లెక్కున్నదే అన్నాడు. నాకు పొంగుకొచ్చింది. ఈ ఒక్కడైనా కనిపెట్టాడు అనుకున్నాను.

ఏం చేయాలని అడిగాడు. పెంచాలి తాతా అన్నాను.

ఆయన చేతిలో పని ఆగింది. కళ్లద్దాలు కిందికి దించుకొని నా ముఖం చూశాడు. ఇంటామెదా అన్నాడు. అవునన్నాను. ఏమైంది సారూ అన్నాడు. నేను చెప్పాను. గడ్డ తేలిందని, హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఆపరేషన్ అయిందని, ఏడాది పొడుగునా తిరిగామని. ఆ మాటలు చెప్పినప్పుడల్లా నా గొంతు దానంతటదే కిందికి దిగుతుంది. ఆ రోజూ దిగింది. చివర్లో, ఏం చేస్తాం తాతా, మన చేతిలో ఏముంది అని కూడా అన్నాను. ఆయన చేతిలోని మట్టెలను పొట్లం కట్టి అవతల పెట్టాడు. తర్వాత బిడ్డలెందరు అని అడిగాడు. ఇద్దరు ఆడపిల్లలు అన్నాను. ఇద్దరూ సమానమే గదా అన్నాడు. ఈ ముసలాయనకు ఇంటి ముచ్చట్లు ఇష్టం కాబోలు అనుకొని, సమానమే తాతా, నాకు ఏం ఫరక్ లేదు అన్నాను. తల ఊపాడు. కొలత కోసం నూలు ముడి ఇస్తే చూడకుండానే పక్కన పెట్టాడు. గంటాగి రమ్మన్నాడు.

కొలత చూడనప్పుడే నాకు అనుమానం రావాలి. రాలేదు. ఎదురుగా హోటల్లో కూర్చుని రెండు చాయ్‌లు తాగాను. ఆమెకు ఎట్లా చెప్పాలా అని ఒక వాక్యం కట్టుకున్నాను, బాగాలేదని చెరిపేసి ఇంకోటి కట్టుకున్నాను. మూడో వాక్యం సగంలో ఉండగా గంటయింది.

నేను లోపలికి పోగానే అవుసలాయన లేచి నిలబడ్డాడు. అంత వయసాయన నన్ను చూసి లేవడం ఏమిటో తోచలేదు. గులాబీ రంగు కాగితంలో కట్టిన పొట్లం ఒకటి రెండు చేతులతో ఇచ్చాడు. తర్వాత అట్లాంటిదే ఇంకోటి ఇచ్చాడు. ఇది పెద్దబిడ్డకు, ఇది చిన్నబిడ్డకు, రెండింటి తూకమూ ఒక్కటే అన్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టబోతే, ఇసొంటి పనికి నేను తీసుకోను సారూ అని చేతులు అడ్డం పెట్టాడు.

పొట్లం విప్పాను. సగం కడియం. రెండోది విప్పాను. మిగతా సగం. మెట్ల నమూనా సరిగ్గా మధ్యకు తెగింది. నాకు కోపం రావాలో, భయం వేయాలో తెలియలేదు. నిద్రలో ఉన్నట్టు ఏం చేసినవు తాతా అన్నాను.

"పెంచమన్నవు గద," అన్నాడు ఆయన. "పెంచిన. ఆడమనిషి ఒంటి మీది సొమ్మును కోసిన అంటమా సారూ?"

అప్పుడు తలకెక్కింది. మా దిక్కు పుస్తెలతాడు తెగితే తెగిందనరు, పెరిగిందంటారు. గాజు పగిలితే పగిలిందనరు, పెరిగిందంటారు. అశుభం నోటితో పలకొద్దని మన పెద్దలు తిప్పి పెట్టిన మాట అది. దీపం ఆరితే కొండెక్కిందన్నట్టు, బియ్యం అయిపోతే నిండుకున్నాయన్నట్టు. సరిగ్గా ఆ నెలలోనే తొమ్మిదో తరగతిలో ఈ పాఠమే చెప్పాను. బోర్డు మీద రాసి, పెరుగు అంటే గిన్నెలోది మాత్రమే కాదురా అని జోకు కూడా వేశాను. అటువంటి పెద్దమనిషిని అవుసలాయన దగ్గరికి పోయి, దిగులు మొహం పెట్టుకొని, ఇంటామె కడియం పెంచమన్నాను. తల్లి పోతే ఒక్కటే సొమ్ము ఉంటే దాన్ని బిడ్డలకు సమానంగా పెంచి ఇవ్వడం ఆయన చేతుల మీదుగా ఎన్ని ఇళ్లలో జరిగిందో. అదే పనికి వచ్చాననుకున్నాడు.

"ఆమె బతికే ఉన్నది," అన్నాను.

అనుకున్నదానికంటే గట్టిగా అన్నట్టున్నాను, పక్క కొట్టాయన తొంగి చూశాడు. అవుసలాయన పీట మీద కూలబడ్డాడు. నా నోట్ల మన్నువడ, తల్లీ తప్పయింది అని నాకు కాదు, ఇంట్లో ఉన్న ఆమెకే చెబుతున్నట్టు రెండు చెంపలూ వేసుకున్నాడు. అది చూసి నాకు కోపం పోయి జాలి వేసింది. తప్పు నాది తాతా, మాట నేనే సరిగ్గా చెప్పలేదు అన్నాను. అప్పుడు ఆయనకే కోపం వచ్చింది.

"మాటతోని కాదు సారూ," అన్నాడు. "పెంచుమని నాకు శానామంది చెప్తరు, లావు చేసుడుకు గూడ చెప్తరు. నేను నీ మొఖం చూసి అట్ల అనుకున్న. బతికున్న మనిషి గురించి అట్ల చెప్తరా ఎవలన్న?"

నా ముఖంలో ఏం కనిపించిందో నాకెట్లా తెలుస్తుంది? అక్కడ గోడకు చిన్న అద్దం ఉంది. దాని వైపు చూడలేదు.

ఆయన తేరుకొని రెండు సగాలూ వెనక్కి తీసుకొని పక్కపక్కన పెట్టాడు. మళ్లీ అతికితే మచ్చ కనబడుతుంది, అతికి లాభం లేదు అన్నాడు. రెండయింది ఎట్లాగూ అయింది కాబట్టి ఒక పక్క బందు పెడతానన్నాడు, తలుపుకు ఉండేటటువంటిది, చిన్నది. ఇంకో పక్క సన్న గొలుసు, కొక్కెం. తెరిచి పెట్టుకోవచ్చు, సబ్బు రాసి తోసుకునే బాధ ఉండదు, లోపలి అంచు కూడా ఆకురాయితో గుండ్రంగా తీస్తాను, ఎముకకు ఒరవదు అన్నాడు. ఆ మాత్రం ఉపాయం ఆ అద్దాల దుకాణాల్లో ఎవరికీ తట్టలేదు. నేను సంతోషపడుతుంటే నూలు ముడి చేతిలోకి తీసుకొని అడిగాడు.

"వాపు తగ్గేదా, ఉండేదా? తగ్గేదైతే గొలుసు పొడుగు పెడత. చెయ్యి సన్నగయినకొద్ది కొక్కెం గొలుసుల వెనక రింగులకు తగిలించి బిగించుకుంటది. ఉండేదైతే పొట్టి గొలుసు, ఒక్కటే కొక్కెం. ఉత్తగ ఏలాడే గొలుసు పనిల అడ్డం వస్తది."

పనికి సంబంధించిన మామూలు ప్రశ్న. జవాబు చెబితే తప్ప ఆయన చెయ్యి కదలదు. పొడుగు గొలుసు పెట్టమందామని నోటిదాకా వచ్చింది. పెట్టిస్తే ఇంకొన్నాళ్లు గడిచిపోతాయి. కానీ అప్పటికే ఒకసారి ఆయన ముందు ఆమెను చంపి ఉన్నాను. ఇంకో తప్పుడు మాట చెప్పడానికి సిగ్గేసింది.

"తగ్గదు," అన్నాను. "డాక్టర్ చెప్పిండు."

ఆమెకు ఎర్కేనా అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన నూలు ముడిని బల్ల మీద పరిచి, వేలు దూరేంత వదులు కలుపుకొని గుర్తు పెట్టుకున్నాడు. వచ్చే ఆదివారం రమ్మన్నాడు. ఆరు నెలలుగా ఇంట్లో చెప్పలేని మాట ముక్కూ ముఖం తెలియని మనిషి దగ్గర చెప్పి బయటపడ్డాను. తేలికైందా, బరువెక్కిందా అంటే ఏమో, ఆ రోజు నాకేమీ తెలియలేదు. ఎక్కాల్సిన బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది.

ఇంట్లో ఆమె అడిగింది. పని నడుస్తోంది, వారం పడుతుందన్నాను. ఆ వారమంతా నాకు కంటి మీద కునుకు లేదంటే అబద్ధం, నిద్ర బాగానే పట్టింది, మెలకువలోనే ఇబ్బంది. బుధవారం బడి వదిలాక మనసు మారింది. పొడుగు గొలుసే పెట్టమని చెప్పి వద్దామని నల్గొండ బస్సెక్కాను. రెండో స్టేజీలో మళ్లీ మనసు మారి దిగిపోయాను. పొలాల గట్ల మీదుగా నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి ప్యాంటు నిండా పల్లేరు కాయలు. ఎక్కడికి పోయి వస్తున్నవు అని ఆమె అడిగితే, నడక ఆరోగ్యానికి మంచిదన్నాను. నన్ను కిందికీ మీదికీ ఒకసారి చూసి పల్లేరు కాయలు తీసుకోమని దువ్వెన ఇచ్చింది.

ఆదివారం మధ్యాహ్నానికి కడియం తెచ్చాను. ఆమె ముందు గదిలో చాప మీద కూర్చుని, డాక్టర్ చెప్పినట్టు ఎడమ చేతి వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉంది. చేతిని తుడిచి కడియం తెరిచి పెట్టాను. కొక్కెం తగిలిస్తే టిక్కుమని చప్పుడైంది. తెగినచోట అవుసలాయన బందును ఎంత ఒద్దికగా కూర్చాడంటే, మెట్ల నమూనా అక్కడికి వచ్చి ఒక మెట్టు దిగి మళ్లీ నడిచినట్టుంది. ఆమె చెయ్యి పైకెత్తింది, కిందికి దించింది, మణికట్టు తిప్పింది.

ఒరుస్త లేదు అంది. ఎన్నాళ్లకో ముఖం విప్పారింది. చెయ్యి గుండె మీద పెట్టుకొని, దూరంగా పెట్టుకొని చూసుకుంది. అది చూసి నా ప్రాణం లేచి వచ్చింది. గండం గడిచిందనుకున్నాను. ఆ ఊపులో అవుసలాయన కథంతా చెప్పేశాను. పెంచమనడం, సమానమే గదా అనడం, గులాబీ రంగు పొట్లాలు రెండూ చేతికివ్వడం, ముసలాయన చెంపలు వేసుకోవడం, ఆయనలాగే నటించి మరీ చెప్పాను. నా ముఖం గురించి ఆయన అన్నది కూడా దాచలేదు. చేసిందంతా చేసి ఇక్కడ నిజాయితీ ఒకటి నాకు. ఆమె ఆపరేషన్ అయిన పక్కను చేత్తో అదుముకొని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తెలుగు సారువు నువ్వు, పోయి పోయి నన్ను బజార్ల సంపుకొని వస్తివా అంది. నేనూ నవ్వాను. ఏడాదిన్నర తర్వాత మా ఇంట్లో అంత గట్టి నవ్వు వినబడింది.

నవ్వుతూనే ఆమె కొక్కెం తీసింది, పెట్టింది. మళ్లీ తీసింది. గొలుసును వేలితో సాగదీసి చూసింది. నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"ఒక్కటే కొక్కెం పెట్టిండేంది?" అంది. "చెయ్యి తగ్గితే ఎట్ల బిగించుకోవాలె?"

అవుసలాయన మర్చిపోయాడనొచ్చు. వెండి చాలలేదనొచ్చు. రెండూ నాలుక మీదికి వచ్చాయి. ఆమె మాత్రం చేతిని ఒళ్లో పెట్టుకొని ఊరికే ఎదురు చూస్తోంది. హోటల్లో కూర్చుని కట్టుకున్న మూడు వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"తగ్గదన్నడు డాక్టర్," అన్నాను.

ఎప్పుడు చెప్పిండు అని అడిగింది. ఉగాదికి ముందు, నువ్వు బరువు చూసుకుంటున్నప్పుడు అన్నాను. మగ్గం కూడా వద్దన్నాడని చెప్పాను. నీ ధైర్యం పోతుందేమోనని భయపడ్డాను అన్నాను. అన్నాను గాని అది నిజమో, పోయేది నా ధైర్యమో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. రెంటికీ సిద్ధపడి తల వంచుకున్నాను. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"చెప్తే ఇంకో పని చూసుకుందును," అంది. "గ్రాఫ్ కాగితాల మీద నమూనాలు గీసుడు నేర్చుకుందును. షావుకారును రెండుసార్లు ఉత్తగ తిప్పకపోదును. చెయ్యి తగ్గినంక, చెయ్యి తగ్గినంక అనుకుంట కూసున్న. నువ్వు చూసుకుంట ఊకున్నవు."

నేనేదో అనబోయాను. ఆమె వినలేదు.

"ఆ తాత గంటసేపు అనుకున్నడు నేను సచ్చిపోయిన్నని," అంది. "నువ్వు ఆరు నెలల సంది అనుకుంటున్నవు."